చాలా, మరీ, బొత్తిగా

గుమ్మఘట్టలో వొక సెలవునాటి సాయంత్రం పదో తరగతి పిల్లలు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పమని పట్టుకున్నారు. నేను తెలుగు ఎం.ఏ. వాణ్ణి, అయినా వూళ్లో లెక్చరరంటే అన్నీ తెలిసినవాడే. విశేషణానికి బలమిచ్చే మాటల పాఠం అది. 'వెరీ డ్రై' అనవచ్చు, ఎండడంలో హెచ్చుతగ్గులున్నవి గనుక. 'వెరీ ఎంప్టీ' అనరాదు. ఖాళీకి మెట్లు లేవు, కావాలంటే 'కంప్లీట్లీ' చేర్చుకోవాలి. పుస్తకంలో వున్నదే చెప్పాను.

వొక పిల్ల వొప్పుకోలేదు. "చెరువులో నీళ్లయిపోతే ఖాళీనే గద సార్. బురద గూడా ఎండి నెర్రెలిస్తే ఇంగా ఖాళీ. ఆ నెర్రెల మింద బండ్లు తోల్తే?"

నాకు జవాబు తోచలేదు. యిక్కడి భైరవానితిప్ప జలాశయం 1961లో పూర్తయింది. అదే వేదవతిని ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగరం అంతకు చాలాముందే ఆపుకున్నది. జలాశయం అడుగు చూసి పెరిగిన పిల్లకు ఖాళీలో మెట్లు లేవని ఏ ముఖంతో చెప్పేది?

'వెరీ' అన్నది పాత ఫ్రెంచిలో 'నిజమైన' అనే అర్థంగల మాటనుంచి వచ్చింది. మన 'చాలా' 'చాలు' నుంచి పుట్టింది. 'చాలా కరువు' అన్నప్పుడు ఏది చాలిందో నాకు బోధపడదు! పల్లెజనం ఆ మాటను అంతగా నమ్మరు కాబోలు. కటిక దరిద్రం, పచ్చి అబద్ధం, కారుచీకటి: దేని బలం దానికే ఎంచి తగిలిస్తారు. పగలును రెట్టించి పట్టపగలు చేస్తారు, బయలును బట్టబయలు చేస్తారు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీన్ని ఆమ్రేడితమన్నాడు. మా విద్యార్థులు సంధి పేరు రాసి మార్కు తెచ్చుకుంటారు.

ప్రభుత్వానికీ విశేషణాలున్నవి. 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ కరువును 'మధ్యస్థం', 'తీవ్రం' అని విడదీసింది. తీవ్రమైతేనే జాతీయ విపత్తు నిధి తలుపు తట్టవచ్చునని ఆనాటి నియమం. వానలోటు, వానకూ వానకూ నడుమ ఎడం, పైరు పచ్చదనం, నేల తేమ, జలాశయాల మట్టం చూసి ఆ మాట తేలుస్తారు. లెక్క వుండడం మంచిదే. లేకుంటే పలుకుబడిగలవాడి మండలమే తీవ్రమౌతుంది. కాని వేరుశనగ వూడలు దిగేవేళ తడిలేక, చెట్టు పచ్చగానే వుండి కాయ లొట్టపోయిన చేను ఆకాశంనుంచి చూస్తే మధ్యస్థమే. యీ మాట చదివి వినిపిస్తే మా పొరుగింటి పెద్దమ్మ, "అంటే సగం కడుపా నాయనా?" అన్నది.

పరీక్షలో 'కంప్లీట్లీ' అనే రాయమని పిల్లలకు చెప్పాను. ఆ పిల్ల మాత్రం నోటుపుస్తకంలో 'వెరీ ఎంప్టీ' కొట్టెయ్యలేదు. కొట్టెయ్యమని నేనూ అనలేదు. మార్కు పోతే ఆ పాపం నాదే.