నూరు చెరువులు ఒక్కసారే పిలిస్తే

అమలాపురానికి కాస్త ఎడంగా, కొబ్బరితోటల మధ్య ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి వెళ్లాను. బల్ల నిండా బ్లూటూత్ బోర్డులు. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లకు వీటిని తగిలిస్తారట. రైతు గట్టు మీద నడుస్తుంటే ఏ చెరువులో ఎంత ఉందో ఫోనులో కనిపించాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటర్లు వేయడం ఆలస్యమైతే పెట్టుబడంతా నీళ్లపాలే.

బోర్డులు ఆన్ చేస్తే కొన్నిటి పేర్లు వెంటనే వచ్చాయి, కొన్నిటివి ఎంతసేపటికో గాని రాలేదు. సిగ్నల్ పెంచొచ్చు కదా అన్నాను.

"ఆయ్, సిగ్నల్‌కేం లోటు లేదండి. అన్నీ ఒక్కసారే పిలుస్తున్నాయి, అదండీ చిక్కు" అంది ఫైనలియర్ అమ్మాయి. తెల్లబోర్డు దగ్గరికెళ్లి లెక్క వేసింది.

తక్కువ కరెంటు బ్లూటూత్‌లో 40 ఛానళ్లున్నా, 'ఇక్కడున్నాను' అనే పిలుపు మొదలయ్యేది 37, 38, 39లోనే. 31 బైట్ల సమాచారంతో వెళ్లే పిలుపు గాలిలో 376 మైక్రోసెకన్లు ఉంటుంది. ఢీకొన్న పిలుపులు రెండూ చెడిపోతాయనుకుందాం. 100 బోర్డులు సెకనుకు 40 సార్లు చొప్పున పిలిస్తే నూటికి ఐదే బతుకుతాయి. అంటే ఒక్కో బోర్డుది సెకనుకు రెండు. అవే 10 సార్లు పిలిస్తే నూటికి 47 బతుకుతాయి. ఒక్కో బోర్డుది నాలుగు పైనే వినబడుతుంది. పిలుపు తగ్గించారు, వినికిడి రెట్టింపు దాటింది! బ్యాటరీ కూడా మిగులుతుంది. ఈ లెక్కకు మూలం 1971లో హవాయి దీవుల మధ్య నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్. లంకల సీమలో కూర్చుని ఆ కథ వినడం నాకెంతో నచ్చింది.

ఒకసారి ఢీకొన్న రెండు బోర్డులు అదే వరసలో మళ్లీ మళ్లీ ఢీకొనకుండా, ప్రతి విరామానికీ 10 మిల్లీసెకన్ల లోపు ఎంతో కొంత ఆలస్యం కలపాలని బ్లూటూత్ నిబంధనే ఉంది. ఫోన్లు కూడా ఎదురు ప్రశ్నలు వేసి రద్దీ పెంచుతాయి. అందుకే వీళ్లు పేరునూ కొలతనూ మొదటి పిలుపులోనే సర్ది, ఫోనును ఊరికే వినమన్నారు.

ఆక్సిజన్ బాగున్నప్పుడు నెమ్మదిగా, తగ్గితే త్వరత్వరగా పిలిచేలా ప్రోగ్రాం రాశారు. మంచి ఆలోచనే. కానీ తెల్లవారుజామున చెరువులన్నిటిలోనూ ఒకేసారి తగ్గుతుంది కదా, అప్పుడో? అడిగాను.

"అందుకేనండి, ఎంత ప్రమాదమొచ్చినా సెకనుకు పది దాటనివ్వం" అంది.