రెండు నదుల వెంట సైకిలు యాత్ర

ఫ్రాన్సు అనగానే మనలో చాలామందికి పారిస్ నగరం, ఐఫెల్ గోపురం, చిత్రశాలలు స్ఫురిస్తాయి. విహారయాత్రల సంస్థలు చూపించేదీ సాధారణంగా అంతవరకే. అయితే ఆ దేశపు నైరుతి భాగంలో, పెద్ద రహదారులకు దూరంగా, సున్నపురాతి కొండలను కోసుకుంటూ పారే నదులున్నాయి. వాటిలో లాట్ ఒకటి. దానికి ఉపనది సెలే. గడచిన మే మాసంలో మేము ఈ రెండు లోయల గుండా మూడు రోజులపాటు సైకిళ్ళపై ప్రయాణించాము. మేమంటే భార్యాభర్తలమిద్దరమూ, తూలూజ్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయీ. ఈ వయసులో సైకిలేమిటని కాలనీ మిత్రులు నవ్వారు. షిఫ్టు డ్యూటీల రోజుల్లో క్వార్టర్ల నుండి ప్లాంటుకు తొక్కిన కాళ్ళే కదా ఇవి అని మేమూ నవ్వి ఊరుకున్నాము.

తూలూజ్ నుండి ప్రాంతీయ రైలులో సైకిళ్ళతో సహా ఫిజాక్ పట్టణం చేరడం, అక్కడినుండి సెలే నది వెంట దిగి, అది లాట్‌లో కలిసే బూజియెస్ గ్రామం మీదుగా కాఓర్ నగరం వరకు వెళ్ళడం మా పథకం. అంతా కలిపి ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూ. అలవాటున్న యువకులు ఒక్క పగటిలో ముగించగలరు. చూస్తూ, ఆగుతూ పోదలచిన మేము మూడు రోజులు కేటాయించుకున్నాము. ఫిజాక్ వద్ద నదీమట్టానికీ, కాఓర్ వద్ద నదీమట్టానికీ తేడా సుమారు 70 మీటర్లు. అంటే సగటు వాలు వేయింటికి ఒకటి మాత్రమే. నదిని నమ్ముకున్న దారి మోకాళ్ళను బాధించదు. లోయ వదలి పైకెక్కితే మాత్రం రాతి పీఠభూమి ఎదురవుతుంది. మన బెలూం గుహలున్న నేల వలెనే అక్కడ కూడా వాననీరు సున్నపురాతి పగుళ్ళలోకి ఇంకిపోతుంది. అందువల్ల పైన గొర్రెల మేతబయళ్ళు, కింద నది అంచున ఊళ్ళు ఏర్పడ్డాయి.

ఫిజాక్ 1790లో షాంపోల్యోన్ జన్మించిన ఊరు. ఈజిప్టు చిత్రలిపి రహస్యాన్ని 1822లో ఛేదించిన మహాపండితుడాయన. ఆ ఊరి ఇళ్ళ మధ్య ఒక చిన్న ఆవరణలో, ఆయనకు తోడ్పడిన రోసెట్టా శిలకు పెద్ద ప్రతిరూపాన్ని నల్లరాతితో నేలపై పరిచారు. దానిపై నడుస్తూ మూడు లిపులనూ చూచి, రొట్టె, మేకపాల జున్ను, అక్రోటుకాయలు సంచులలో సర్దుకుని బయలుదేరాము. ఇంటినుండి తెచ్చిన ఆవకాయ సీసా మా శ్రీమతి సంచిలో భద్రంగా ఉన్నది.

సెలే వెంట సాగే దారి పేరు డి-41. ఆ అక్షరం జిల్లా రహదారికి గుర్తు. దాని పోషణ బాధ్యత జిల్లా పరిషత్తు వంటి స్థానిక సంస్థది. కిలోమీటరు రాళ్ళకు పసుపు రంగు తల ఉంటుంది. దారి వెడల్పు తక్కువే అయినా ఉపరితలం నునుపుగా ఉన్నది, అంచులు విరిగిపోలేదు, పక్క కాలువలలో చెత్త లేదు. ఊరి వెలుపల సైకిలును దాటిపోయే వాహనం కనీసం మీటరున్నర ఎడం పాటించాలని అక్కడి చట్టం. మలుపుల వద్ద మా వెనుక కార్లు ఓపికగా నెమ్మదించి, దారి కనబడిన తరువాతనే దాటిపోయేవి. అరగంట గడిచినా ఒక్క వాహనం రాని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు వినిపించేది చక్రాల సవ్వడి, నీటి గలగల, పొదలలో పక్షుల కూతలు. చేల గట్లపై ఎర్రని గసగసాల పూలు విరబూసి ఉన్నాయి. ఎదురైన ప్రతివారూ "బోంజూర్" అని పలకరించారు. మేమూ చేతులు జోడించబోయి, సైకిలు పట్టు తప్పుతుందని మాటతోనే సరిపెట్టాము.

ఎస్పాన్యాక్‌లో నదికి ఆవల పాతకాలపు సన్యాసినుల మఠం, కర్ర చట్రం కట్టిన గంటల గోపురం కనబడ్డాయి. బ్రెంగ్ గ్రామం వద్ద కొండగోడ నడుమన, గబ్బిలాల గూళ్ళవలె, మధ్యయుగాల రక్షణ కట్టడాలున్నాయి. మార్సియాక్‌లోని మఠాలయంలో సగభాగానికి పైకప్పు లేదు. నూరేళ్ళ యుద్ధకాలంలో దెబ్బతిన్న ఆ గోడల నడుమ నిలబడితే తలపైన ఆకాశమే. స్పెయినుకు నడిచివెళ్ళే క్రైస్తవ యాత్రికులు ఈ లోయ గుండానే పోతారు. వారి మూటలకు ఆల్చిప్ప గుర్తు వేలాడుతూ ఉంటుంది.

ఇంత అందమైన ఊళ్ళలో మమ్మల్ని కలతపెట్టిన దృశ్యం ఒకటున్నది. మూసిన కిటికీ రెక్కలు. పూలకుండీలు ఉన్న ఇంటి పక్కన తాళం పడిన ఇళ్ళు రెండు మూడు. ప్రతి ఊరిలోనూ మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన వారి స్మారక శిల ఉన్నది. ఒక గుడి ముందు ఆగి నీళ్ళు తాగుతూ ఆ పేర్లు చదివాము. ఒకే ఇంటిపేరు పైనుండి కిందికి రెండుసార్లు, మూడుసార్లు వచ్చినచోట్లు ఉన్నాయి. ఆ వీధిలో మాకు కనబడిన మనుషులకన్నా శిలమీది పేర్లే ఎక్కువ.

ఊళ్ళు ఖాళీ కావడం యుద్ధంతో మొదలు కాలేదు. 1851 జనాభా లెక్కలలో లాట్ జిల్లాలో 2 లక్షల 96 వేలకు పైగా ప్రజలున్నారు. నేడు సుమారు 1 లక్షా 75 వేలు. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగంలో ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్ష వేర్లను తినివేసి తోటలను నాశనం చేసింది. బతుకుతెరువుకై జనం పట్టణాలకు తరలిపోయారు. తరువాత యుద్ధం వచ్చింది. మిగిలినవారి పిల్లలు చదువులకు వెళ్ళి తిరిగి రాలేదు.

మొదటిరాత్రి మేము బసచేసిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన ఆమె. "మీ ఊరు ఎంత ప్రశాంతంగా ఉన్నదమ్మా" అని మా శ్రీమతి అన్నది. అమ్మాయి దానిని ఫ్రెంచిలో చెప్పింది. ఆమె చిరునవ్వుతో, "నా చిన్నతనంలో ఈ వీధిలో కమ్మరి కొలిమి, కిరాణా దుకాణం, రెండు కాఫీ దుకాణాలు ఉండేవి. అప్పుడు ఇంత ప్రశాంతంగా ఉండేది కాదు" అన్నారు. ఇప్పుడు చిన్న తరగతులు ఒక ఊరిలో, పెద్ద తరగతులు పక్క ఊరిలో నడుపుతూ, పిల్లలను బస్సులో తిప్పుతూ బడిని నిలుపుకుంటున్నారట. చాలా ఇళ్ళు ఆగస్టు సెలవులలో మాత్రమే తెరుచుకుంటాయట. మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము. గోదావరి కాలువగట్టున ఉన్న మా తాతగారి పెంకుటింటికి తాళం వేసి ఆరేళ్ళయింది. దానిని అమ్మివేద్దామని మా తమ్ముడు రెండేళ్ళుగా అడుగుతున్నాడు. కొనేవారు కూడా సిద్ధంగా ఉన్నారు.

రెండవరోజు కాబ్రెరే గ్రామం నుండి నిటారైన ఎత్తు ఎక్కి, కొంతదూరం సైకిళ్ళను నెట్టుకుంటూ, పెష్ మెర్ల్ గుహ చేరాము. 1922లో ఇద్దరు కుర్రవాళ్ళు దీపం పట్టుకుని దూరి కనుగొన్న గుహ ఇది. గోడపై చుక్కల గుర్రాలు, వాటి చుట్టూ మనిషి చేతి ముద్రలు ఉన్నాయి. ఆ గుర్రాల వయస్సు సుమారు 29 వేల సంవత్సరాలని నిర్ణయించారు. లోపలి గాలి చెడకుండా రోజుకు ఇంతమందినే అనుమతిస్తారు. కనుక టిక్కెట్టు ముందుగా తీసుకోవాలి.

ఇంజనీరు అయినవాడు తప్పక చూడవలసినది బూజియెస్ వద్ద ఉన్నది. అక్కడ కొండ నిట్టనిలువుగా లాట్ నదిలోకి దిగుతుంది. పడవలను ఒడ్డునుండి తాళ్ళతో లాగడానికి తావు లేదు. అందుకని 1840వ దశకంలో కొండ అడుగునే తొలిచి, రాతి చూరు కింద నడిచే బాట చేశారు. సైకిళ్ళు దిగి, తల వంచి, ఆ బాటలో నడిచాము. ఎగువన దెకాజ్‌విల్ గనుల బొగ్గు, ఈ ప్రాంతపు ద్రాక్షసారా ఈ నదిపైనే పోయేవి. లాకులు కట్టి, ఆనకట్టలు నిలిపి ఎంతో శ్రమించారు. 1886లో లోయ వెంట రైలుమార్గం వచ్చింది. పడవల సరకు రైలుకు పోయింది. 1926లో లాట్‌ను రవాణా నదుల జాబితానుండి తొలగించారు. తరువాత లారీలు, కార్లు వచ్చి రైలును కూడా మింగివేశాయి. తుప్పుపట్టిన ఆ పట్టాలు మా దారి పక్కనే కనబడ్డాయి.

ఇది మాకు కొత్త కథ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టా కాలువలు పొలాలకు నీరిచ్చినట్లే పడవలకు దారి కూడా ఇచ్చాయి. రాదారి పడవలో రాత్రి ఎక్కి తెల్లవారేసరికి పట్నం చేరడం, గాలి లేనపుడు గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం, లాకుల దగ్గర ఫలహారాలు మా నాన్నగారు చెప్పగా విన్నాము. రోడ్డు వచ్చాక ఆ పడవలు పోయాయి. ఒక దారి మరొక దారిని కాదనడం సహజమే. అయితే లాట్ ప్రజలు పాత దారిని పూర్తిగా విడిచిపెట్టలేదు. 1990 నుండి నదిలో కొంత భాగాన్ని విహార పడవలకు మళ్ళీ తెరిచారు. లాకుల తలుపులను పడవవారే చేతితో తిప్పి తెరుచుకుంటున్నారు. ఆదాయం మాట ఎలా ఉన్నా, ఆ తలుపుకు ఏటా గ్రీజు పెట్టే మనిషి ఒకడు ఆ ఊరిలో ఉంటాడు. మనం ప్లాంటులో నిత్యం చెప్పుకునేదీ ఇదే. కట్టినది కూలేది వయసువల్ల కాదు, చూచేవారు లేకపోవడంవల్ల.

కొండకొమ్మున వేలాడే సాన్ సీర్ లపోపీ గ్రామంలో రెండవరాత్రి గడిపి, మూడవనాటి మధ్యాహ్నానికి కాఓర్ చేరాము. అక్కడి వాలాంత్రే వంతెన పని 1308లో మొదలై దాదాపు డెబ్బై ఏళ్ళు సాగింది. మూడు బురుజులతో నదిపై కోటవలె నిలిచి ఉన్నది. శిల్పి పని ముగించడానికి సైతానుతో ఒప్పందం చేసుకున్నాడనీ, మోసపోయిన సైతాను మధ్య బురుజునుండి ప్రతిరాత్రి ఒక రాయి ఊడదీసేవాడనీ కథ. 1879లో మరమ్మతు చేయించిన వాస్తుశిల్పి ఆ మూలన చిన్న సైతాను బొమ్మ చెక్కించాడు. ఏడు వందల ఏళ్ళ కిందట ఆరంభమైన వంతెన నేడు కూడా నడిచేవారిని మోస్తున్నదంటే, ఆ మరమ్మతు చేయించినవారికీ నమస్కరించాలి.

వెళ్ళదలచిన మిత్రులకు రెండు మాటలు. మే, జూన్, సెప్టెంబరు మాసాలు అనుకూలం. గ్రామాలలో మధ్యాహ్నం పన్నెండు దాటితే దుకాణాలు మూస్తారు. సోమవారం రొట్టె దొరకని ఊళ్ళూ ఉంటాయి. ముందురోజే కొనిపెట్టుకోవాలి. వాహనాలు కుడివైపున నడుస్తాయి. శాకాహారులు బసకు ముందే ఆ సంగతి చెప్పుకోవడం మంచిది.

ఇంటికి వచ్చిన వారానికి తమ్ముడు మళ్ళీ ఫోను చేశాడు. కొనేవారికి ఇంకా మాట ఇవ్వలేదు. పదవీ విరమణకు మాకు మూడేళ్ళున్నది. అక్కడికి వెళ్ళి ఉండగలమో లేదో ఇప్పుడే చెప్పలేము. కానీ వానలు వచ్చేలోగా పెంకులు సర్దించి, వాసాలకు చెదమందు కొట్టించమని ఊళ్ళో మేస్త్రీకి డబ్బు పంపించాము.