అక్కయ్య వాటా

గిద్దలూరు దగ్గర మా నాన్నగారికి తొమ్మిదెకరాల మెట్టపొలం ఉండేది. ఆయన కాలం చేసేనాటికి మా అమ్మ లేదు. మిగిలినది నేనూ, మా అక్కయ్యా. ఖురాన్ నాల్గవ సూరా ప్రకారం కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. అనగా మూడెకరాలు అక్కయ్యవి.

మా సీమ ఆచారం వేరు. ఆడపిల్లకు పెళ్లిలో పెట్టినదే వాటా. పొలం అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని భయం. 1937 నాటి షరియత్ చట్టం సాగుభూమిని మినహాయించింది. మద్రాసు ప్రభుత్వం 1949లో ఆ మినహాయింపును తొలగించింది. 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండిన మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలకూ అది వర్తించింది. ఆచారం మాత్రం కదలలేదు.

అక్కయ్య విడుదల దస్తావేజుపై వేలిముద్ర వేసింది. తండ్రి మరణానంతరం వారసురాలు ఇష్టపూర్వకంగా హక్కు వదులుకుంటే చెల్లుతుంది. ధర్మానికీ ఆచారానికీ సమన్వయం కుదిరిందని తృప్తిపడ్డాను. జీవితమంతా పిల్లలకు సమాసాలు చెప్పిన నేను, ‘ఇష్టపూర్వకం’ అన్న మాటకు అర్థం విచారించలేదు.

మొన్న వెళ్లి ఆ మూడెకరాలు హిబాగా రాసిస్తానన్నాను. అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు.

“ఆ పొద్దు ఒక్కమాట అడిగుంటే నేనే వద్దనేదాన్ని గదరా తమ్ముడా!” అన్నది.

“ఇప్పుడు అడుగుతున్నానక్కా.”

“అయితే ఇయ్యి” అన్నది.