మా ఇంటి ప్రియదర్శిని

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా మూడు ఊళ్లు ఒక మాటమీదికి రావాలి. నేనూ, మా ఆవిడా, మా చిన్నమ్మాయీ సూర్యాపేటలో ఉంటాం. పెద్దవాడు కోదాడలో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు. పెద్దమ్మాయిని మిర్యాలగూడ ఇచ్చాం. అల్లుడు రైసు మిల్లులో లెక్కలు రాస్తాడు. సూర్యాపేటనుంచి ఏ ఊరికైనా బస్సులో గంటా గంటన్నర. అభిప్రాయాల మధ్య దూరం మాత్రం బస్సులో తేలేది కాదు. ఫ్రిజ్ కొన్నప్పుడే నెల పట్టింది. ఇక ల్యాప్‌టాప్‌కు ఎంత పట్టి ఉంటుందో ఊహించుకోండి.

ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉన్నమాట నిజమే. దానికి పన్నెండేళ్లు. విండోస్ 10తో ఎలాగో నెట్టుకొస్తున్నది. 2025 అక్టోబరు 14తో ఆ విండోస్‌కు కంపెనీవారి మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే ఈ ముసలి ప్రాసెసరు అందుకు అర్హం కాదన్నారు. నా పెన్షను కాగితాలకూ, మనవడి ముచ్చట్లకూ ఏదో ఒకటి సరిపోయేది. అసలు అవసరం మా చిన్నమ్మాయిది.

అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఊళ్లోనే ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగు చేసే పనిలో చేరింది. పని బాగానే పట్టుబడింది. ముహూర్తాల రోజుల్లో రాత్రి పదైనా ఇంటికి రాదు. నేను స్కూటరు వేసుకుని వెళ్లి, మెట్లకింద నిలబడి, పైనున్న కిటికీలో దీపం ఎప్పుడు ఆరుతుందా అని చూస్తూ ఉంటాను. ఇచ్చేది నెలజీతం కాదు, పెళ్లికి ఇంత అని లెక్క. అదైనా పెళ్లివారు ఆల్బం తీసుకుపోయి బాకీ తీర్చినాకనే. సొంత యంత్రం ఉంటే ఇంట్లో కూచుని నలుగురి పని తెచ్చుకోవచ్చునని దాని ఆశ.

డబ్బు ఎక్కడిది? మా ఆవిడ దాని పెళ్లి నగలకని దాచింది ఉంది. ఆ మాట ఎత్తగానే ఇంట్లో పొయ్యి ఆరినంత పని అయింది.

"2025ల తులం బంగారం లక్ష దాటిపాయె. ఇగ దిగుతదా? ఆ పెట్టెకు అన్ని పైసలు పోస్తే నాలుగేండ్లకు పాతసామాన్లాయన గూడ కొనడు" అన్నది.

నేను ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆమె లెక్కలో తప్పు పట్టలేకపోయాను.

సంగతి తెలియగానే పెద్దవాడు కోదాడనుంచి ఫోనులో తీర్పు చెప్పేశాడు: "గేమింగు ల్యాప్‌టాపే తీసుకోవాలె నాన్నా. గ్రాఫిక్స్ కార్డు లేకుంటే ఎడిటింగు నడవదు." వాడి కాలేజీ పిల్లల దగ్గర అవే ఉన్నాయట. మొన్న వెళ్లినప్పుడు ఒకటి చూపించాడు. కీబోర్డు కింద ఎర్రదీపాలూ పచ్చదీపాలూ వెలుగుతూ వినాయక మంటపంలా ఉంది. చేతికిస్తే రెండున్నర కిలోలకు తక్కువ లేదనిపించింది. చార్జరు సరే, అదొక ఇటుక. మిర్యాలగూడ అల్లుడు మితభాషి. ధాన్యం వచ్చే రోజుల్లో బొత్తిగా మాట్లాడడు. "మిల్లు లెక్కలన్నీ ముప్పయి వేలదాని మీదనే నడుస్తున్నయి మామయ్యా. ఎక్కువ పెట్టాలనుకుంటే డెస్క్‌టాప్ కొనుండ్రి" అని ఊరుకున్నాడు.

అల్లుడి మాటలో సత్తా ఉంది. ఒకే డబ్బుకు బల్లమీద పెట్టుకునే కంప్యూటరు ఎక్కువ బలంగా వస్తుంది. వేడి పోయేందుకు లోపల చోటుంటుంది. ఏ భాగం చెడితే ఆ భాగం మార్చుకోవచ్చు. మా సూర్యాపేట ఎండలు ఎరిగినవారికి వేడి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ప్రాసెసరు మరీ వేడెక్కితే తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, వడగాడ్పుకు చెట్టునీడన కూలబడ్డ బాటసారి మాదిరి. ఇంటిల్లిపాదీ డెస్క్‌టాప్ వైపు మొగ్గుతూండగా అమ్మాయి వరండాలోకి చూపించింది.

వరండాలో మా పెద్దమ్మాయి కుట్టుమిషను ఉంది. కాలితో తొక్కేది. పెళ్లికి ముందు ఆ మిషను మీద వీధిలో సగంమందికి జాకెట్లు కుట్టింది. అత్తవారింటికి పోయేటప్పుడు, అంత బరువు ఇప్పుడెందుకు, తరవాత పంపుదాంలే అన్నాం. ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు దానిమీద పాత పేపర్లు పెడుతున్నాం.

"అక్క పని ఈడనే ఉండిపాయె. నేను ఏ ఊరు పోయినా నా పని నాతోటి రావాలె" అన్నది.

మా ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి చాలాసేపు బియ్యం ఏరింది. డెస్క్‌టాప్ మాట ఆనాటితో ఆగిపోయింది.

ఇక ఏ ల్యాప్‌టాప్ అన్నది మిగిలింది. పెద్దవాడు రెండో సలహా పంపాడు, యాపిల్‌ది కొనమని. 2020 నవంబరులో ఎం1 చిప్పు వచ్చినప్పటినుంచి ఆ యంత్రాలు వీడియో పనిలో దిట్టలు. వేడి తక్కువ, బ్యాటరీ చాలాసేపు వస్తుంది. కాని మా అమ్మాయికి పని ఇచ్చే స్టూడియోలు వాడేది ఎడియస్. అది విండోస్ మీద తప్ప నడవదు. వాళ్లు సగం చేసి ఇచ్చినదాన్ని ఇంట్లో విప్పలేకపోతే యంత్రం ఎంత గొప్పదైతే ఏం లాభం?

దసరా వెళ్లాక ఒక ఆదివారం ముగ్గురం ఊళ్లో దుకాణానికి బయల్దేరాం. సెప్టెంబరు 22నుంచి జి.ఎస్.టి. తగ్గిందని ఊరంతా టముకు వేస్తున్నారు గదా అని మా ఆవిడ ఆశపడింది. తగ్గింది పెద్ద టీవీలకు, 28నుంచి 18 శాతానికి. ల్యాప్‌టాప్‌లకు ముందే 18; అది అలాగే ఉంది.

దుకాణదారు ఒకటి తెరిచి, "ఐ7 సార్, ఇంక మీకేం గావాలె?" అన్నాడు. ఈ ఐ5, ఐ7 అనేవి ఇంటిపేర్ల వంటివి. ఇంటిపేరు విని పిల్లవాడి గుణం చెప్పలేం గదా? దాని వెనక ఉన్న అంకెలు ఏ తరంవాడో చెబుతాయి. చివర ఉన్న అక్షరం ఎంత బరువు ఎత్తగలడో చెబుతుంది. 'యు' అని ఉంటే కరెంటు పొదుపుగా వాడే తేలికరకం. 'హెచ్' అని ఉంటే బరువుపని చేసేది. నాలుగైదేళ్లనాటి ఐ7 'యు'ను కొత్త ఐ5 'హెచ్' ఓడించడం మామూలే. ఇప్పుడు కోర్ అల్ట్రా అని కొత్త పేర్లు కూడా పెట్టారు, జనానికి తికమక చాలదన్నట్టు.

మా అమ్మాయి పేరు అడగలేదు. సంచిలోంచి చిన్న డిస్కు తీసింది. అందులో తన ఎడిటింగు ప్రోగ్రామూ, రెండు వీడియోలూ ఉన్నాయి. ఒకటి ఎవరిదో తలంబ్రాల ఘట్టం. రెండోది 2025 ఫిబ్రవరిలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో తీసినది. రెండేళ్లకోసారి వచ్చే లింగమంతుల జాతర అది. వేలమంది కదులుతూ, దుమ్ము లేస్తూ, 'ఓ లింగా' అని కేకలు. యంత్రానికి ఇంతకు మించిన పరీక్ష ఇంకొకటి లేదని అమ్మాయి అన్నది.

ఎందుకో చెబుతాను. నాకూ అది విడమరిచి చెబితేనే తెలిసింది. ఈనాటి కెమెరాలు హెచ్.265 అనే పద్ధతిలో బొమ్మల్ని మడతపెట్టి దాస్తాయి. ఒక బొమ్మను నిండుగా దాచి, తరవాతవాటిలో మారిన మేరకే రాసుకుంటాయి. మనిషి కదలకుండా కూచుంటే రాసుకునేది కాస్తే. జాతరలో అందరూ కదులుతారు. ఎడిటింగు చేసేవాళ్లు మధ్యలో ఏదో ఒక బొమ్మ దగ్గర కోయాలంటే, యంత్రం వెనక్కు వెళ్లి ఆ మడతలన్నీ విప్పుకుంటూ రావాలి. విప్పడానికి చిప్పులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. పెద్దవాడు చెప్పిన గ్రాఫిక్స్ కార్డు రంగులకూ హంగులకూ అక్కరకొస్తుంది, కాదనను. అయితే మంచి కెమెరాలు తీసే 10 బిట్ 4:2:2 అనే రకాన్ని విప్పే విద్య ఇంటెల్ చిప్పులకు కొన్నేళ్లుగా ఉంది. ఎన్‌విడియా కార్డులకు 2025లో వచ్చిన 50 వరసతోనే అబ్బింది. అంటే దీపాల మంటపం కొన్నా, లోపల సరైన చిప్పు లేకపోతే తలంబ్రాల దగ్గర చతికిలబడవచ్చునన్నమాట.

ఐ7 మీద జాతర మొదలైంది. రెండు నిమిషాలకు డప్పుకర్ర గాలిలోనే ఆగిపోయింది. మోత మాత్రం వినిపిస్తున్నది! దుకాణదారు నవ్వి, "జాతర వీడియో ఎవరు ఎడిట్ చేస్తరు మేడం?" అన్నాడు. అమ్మాయి నవ్వలేదు. "చేసేటోళ్లం మేమే" అని, వరసలో నాలుగోదాన్ని తెరిపించింది. ఐ5 'హెచ్' రకం, 16 జి.బి. ర్యామ్, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు. దానిమీద డప్పు ఆగలేదు.

ఆ తరవాత ప్రశ్నలు నావి. ర్యామ్ బోర్డుకు అతికించి ఉందా, ఇంకొకటి పెట్టే చోటుందా? ఉంది. అతికించినదైతే, కొన్ననాడు ఎంతో చివరికీ అంతే. లోపలి డిస్కు 512 జి.బి. చాలునా? అక్కడే కాగితంమీద లెక్క వేశాను. స్టూడియో కెమెరా 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తుంది. అంటే గంటకు 45 జి.బి. రెండు కెమెరాలు, నాలుగు గంటల పెళ్లి: 360 జి.బి. ఒక్క పెళ్లికే ఇల్లు నిండిపోతుంది! కనుక బయట పెట్టుకునే డిస్కు తప్పదు. దాని ఖర్చు మొదటే కలుపుకోవాలి. చాలామంది కలుపుకోరు.

తెర సంగతి మాత్రం మా ఆవిడ తేల్చింది. క్రితం ఏడు ఒక పెళ్లికూతురి తల్లి స్టూడియోకు వచ్చి, తాము పెట్టిన మామిడిపండు రంగు పట్టుచీర వీడియోలో నిమ్మకాయ రంగుకు తిరిగిందని పెద్ద రగడ చేసిందట. అక్కడి తెర పాలిపోయిన రకం. దానిమీద సరిగా కనిపించేట్టు దిద్దితే బయట వేరుగా వచ్చింది. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో '45 శాతం ఎన్.టి.ఎస్.సి.' అని రాసి ఉంటే ఆ బాపతే అనుకోవచ్చు. 'నూరు శాతం ఎస్.ఆర్.జి.బి.' అన్నదానికోసం అడగాలి. మా ఆవిడకు ఈ అక్షరాలతో పని లేకపోయింది. రెండు యంత్రాలమీద ఒకే బొమ్మ పెట్టించి, కొంగు చేత్తో పట్టుకుని పోల్చి చూసినట్టు చూసి, "ఇండ్ల పసుపు పసుపులెక్క లేదు. గదాంట్ల ఉంది" అన్నది. ఆమె చూపించినది ఆ నాలుగోదే.

డిస్కుతో సహా 86,000 అయింది. మా ఆవిడ సంచిలోంచి కట్టలు తీసి తానే లెక్కపెట్టి ఇచ్చింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. దారిలో మాత్రం ఒక మాట అన్నది: "ఇదిగూడ పోయేటప్పుడు ఎంబడి తీస్కపోయే సొమ్మే కదా."

ఇంటికి తెచ్చి మూత తెరవగానే నాకు 1957 నాటి 'మాయాబజార్' సినిమాలో ప్రియదర్శిని పెట్టె జ్ఞాపకం వచ్చింది. మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. మా పెట్టెలో మా ఆవిడకు సీరియళ్లు కనిపించాయి. సెలవులకు వచ్చిన మిర్యాలగూడ మనవడికి ఆటలు కనిపించాయి. వాడు ఒకే మధ్యాహ్నంలో నలభై జి.బి. ఆట దింపి, పెళ్లివారి చోటు ఆక్రమించాడు. నాకు పెన్షను పట్టీ. 'నిత్యవాడకం' అన్న మాటకు ఇంట్లో ఇంతమంది వారసులుంటారు. అమ్మాయి ఎవరి తాళం వారికి వేరు చేసింది. తన పని ఉన్న రోజున మిగతావారు పాత కంప్యూటరుకు మొక్కుకోవాలి. దాన్ని ఇంటర్నెట్టునుంచి విడదీసి, మనవడి పాత బొమ్మల ఆటలకూ నా లెక్కల పట్టీలకూ ఉంచాం.

నవంబరులో మిర్యాలగూడ పెళ్లి ఒకటి ఇంట్లోనే పూర్తిచేసింది. నలుగురి పని అనుకున్నది గాని ఇద్దరే ఇచ్చారు. ఒకరు వెంటనే డబ్బు ఇచ్చారు, ఒకరు ఇంకా తిప్పుతున్నారు. నెలాఖరుకు మూఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోయాయి. ఆ ఖాళీలో పెద్దగట్టు జాతర వీడియోను గంటకు కుదించి మా వీధివాళ్లందరికీ చూపించింది. మెట్లకింద స్కూటరుతో నిలబడే పని మాత్రం నాకు తప్పింది.

మూఢం పోయి మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యేసరికి, ఖాళీగా ఉన్న చోటులో ఇంకో 16 జి.బి. ర్యామ్ పెట్టిద్దామన్నది. సరేనని దుకాణానికి వెళ్లి అడిగాం. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతటా పెద్దపెద్ద కంప్యూటరు కేంద్రాలు కడుతూ మెమరీ చిప్పులన్నీ వాళ్లే ఊడ్చుకుపోతున్నారట. 2025 చివరినుంచి ధరలు అమాంతం పెరిగాయట. దుకాణదారు చెప్పిన ధర విని మా ఆవిడ నోరు తెరిచింది.

"ఆనాడు నగలకని అల్లాడితిని గాని, ఇది గూడ తులాల లెక్కనే పెరుగుతదా?" అన్నది.

అమ్మాయి నావైపు చూసింది. వచ్చే ముహూర్తాల దాకా ఆగుదామన్నాను.