ఇంజనుకు సంబంధం చూడడం

పెళ్ళి సంబంధాలు చూచేవారు ముందు గోత్రం అడుగుతారు, ఆ తరువాత జీతం, చివరకు గుణం. కార్బ్యురేటరు కొనేవారు చాలామంది గోత్రం దగ్గరే ఆగిపోతారు. "అంబాసిడరుదేనా? అయితే కట్టివ్వు" అని పట్టుకుపోతారు. కారుతోబాటు పుట్టిన ఇంజనే అందులో ఉంటే ఆ లెక్క సరిపోతుంది. ఇంజను మారినప్పుడే చిక్కంతా.

కోయంబత్తూరులో మా యింటి అంబాసిడరు మార్క్ 2 రకానిది. 1967లో మా తాత కొన్నారు. అందులోని 1489 సి.సి. ఇంజను ఇంగ్లండులోని బి.ఎం.సి. వారి రూపం, మన ఉత్తరపారాలో పోత పోసుకున్నది. మూడు తరాలు తొక్కాక, ఎన్నోసార్లు బోరు కొట్టించాక సిలిండరు గోడలు పలచబడినవి. స్లీవులు వేయిద్దామంటే బ్లాకులోనే పగులు కనిపించింది. పాత యినుప ధరకు ఇచ్చేద్దామని తమ్ముడు అన్నాడు. నాయనకు ఎనభై యొకటి నిండినవి. ఆయన పెద్దగా వాదించలేదు. "నేనున్నన్నాళ్ళు ఆ షెడ్డు ఖాళీగా చూపించకండిరా" అని మాత్రం అన్నారు. అంతటితో అమ్మకం మాట ముగిసింది.

1990ల తొలి సంవత్సరాలలో అంబాసిడరుకే ఇసుజు వారి 1817 సి.సి. పెట్రోలు ఇంజను పెట్టి అమ్మారు. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయింది గాని, ఇంజనులు యింకా అక్కడక్కడ దొరుకుతున్నవి. గేరుబాక్సుతో సహా ఒకటి మాకు దొరికింది. దాని కార్బ్యురేటరును ఎవరో ముందే విప్పుకుపోయారు. ఇంజను మార్చాలంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను అధికారి అనుమతి ముందుగా పుచ్చుకోవాలి. ఆ కాగితాల కథ వ్రాస్తే యీ సంచిక చాలదు.

పాత సోలెక్సునే బిగించేద్దామని మేస్త్రీ సలహా. మద్రాసులో తయారైన సరుకు, యిన్నేళ్ళు నమ్మకంగా పనిచేసింది. కాదనడానికి నోరు రాదు. కాని లెక్క ఒకటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లు తిరిగితే తన సి.సి. ఎంతో అంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 4000 చుట్ల దగ్గర 1489 సి.సి. ఇంజను నిండుగా పీల్చిందనుకుంటే సుమారు 2980 లీటర్లు. 1817 సి.సి.ది 3630 లీటర్లు. ఐదో వంతుకు మించి ఎక్కువ. పాత గొంతుకలోనుంచి ఆ గాలి దూరవలసి వస్తే ఊళ్ళో బాగానే నడుస్తుంది, మెయిన్ రోడ్డు మీద ఆయాసపడుతుంది.

అయితే పెద్దది పెడితే పోలేదా అని చదువరులు అడగవచ్చు. బెంగుళూరులో ఉన్న మా బావగారు సరిగా అదే చెప్పారు. పక్కవాటంగా బిగించే 40 మిల్లీమీటర్ల వెబరులు రెండు వేయమన్నారు. ఆయన మాట గొప్పగానే ఉంటుంది, పెట్రోలు డబ్బు మాత్రం మనది. వెనుకటి రోజులలో దోమల మందు కొట్టే చేతిపంపు అందరి యిళ్ళలో ఉండేది. గాలి వేగంగా పోతేనే గొట్టం కొనలో ఒత్తిడి తగ్గి మందు పైకి లేస్తుంది, తుంపరగా చెదురుతుంది. మెల్లగా నొక్కితే చుక్కలు చుక్కలుగా కారుతుంది. కార్బ్యురేటరు లోపలి సన్నని గొంతుక చేసే పనీ యిదే. గొంతుక మరీ వెడల్పయితే నిదానంగా పోయేటప్పుడు గాలికి వేగం ఉండదు, పెట్రోలు లేవదు. పెడలు తొక్కగానే ఇంజను ఉలిక్కిపడి తడబడుతుంది. పందెపు కార్లు ఎప్పుడూ ఎక్కువ చుట్ల మీదే పోతవి గనుక వాటికి చెల్లుతుంది. గాంధీపురం సిగ్నలు దగ్గర నిలబడే మాకు చెల్లదు.

చివరకు మేము కుదుర్చుకున్నది వెబర్ 32/36. యిందులో గొంతుకలు రెండు, 26 మిల్లీమీటర్లది ఒకటి, 27ది ఒకటి. మామూలుగా మొదటిదే పనిచేస్తుంది, పెడలు బాగా లోపలికి పోయాకనే రెండవది తెరుచుకుంటుంది. ఊరికి చిన్నది, దారికి పెద్దది. ఒకప్పుడు ఫోర్డు వారి రెండు లీటర్ల ఇంజనులకు యిదే అమర్చేవారు కనుక మా 1817కు బెదరనక్కరలేదు.

అది మా మానిఫోల్డు మీద కూర్చోలేదు, స్టడ్ల దూరం కలవలేదు. 1920లో ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టిన జి.డి. నాయుడుగారి ఊరిలో లేతు పనివాడికి కరువా? అల్యూమినియం పలక ఒకటి కోయించాము. పలక రంధ్రానికీ మానిఫోల్డు నోటికీ మధ్య మెట్టు లేకుండా నున్నగా తీయించడమే అసలు పని. మెట్టు ఉంటే పెట్రోలు అక్కడ తడిసి నిలుస్తుంది. వేడి పైకెక్కకుండా కింద బేకలైటు దిమ్మ వేశాము. పెట్రోలు గిన్నె కారు ముందువైపుకు వచ్చేటట్టు తిప్పి బిగించాము. కొండ ఎక్కేటప్పుడు పెట్రోలు జెట్ల వైపుకు ఒరగాలి గదా.

తరువాత జెట్లు. జెట్టు మీద 130 అని ఉంటే రంధ్రం 1.30 మిల్లీమీటర్లని అర్థం. పాత పుస్తకాలలోని అంకెలు యీనాటి పెట్రోలుకు అచ్చంగా సరిపోవు. ఇప్పుడు బంకులో పోసేదానిలో నూటికి 20 వంతులు ఎథనాలు. బరువు లెక్కన పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఎథనాలుకు 9 చాలు. అంటే పాత జెట్టుతో మిశ్రమం పలచనవుతుంది, ఇంజను వేడెక్కుతుంది. మేస్త్రీ ఒక్కొక్క అంకె పెంచుతూ, తోలి చూస్తూ, ప్లగ్గులు విప్పి రంగు చూచాడు. తెల్లగా ఉంటే పలచన, మసి పడితే చిక్కన, లేత కాఫీ రంగు వస్తే నిలిపివేయడం. నాలుగు రోజులు పట్టింది. పాత రబ్బరు గొట్టాలను ఎథనాలు తినేస్తుంది గనుక వాటినీ మార్చాము.

మేట్టుపాళయం దాటి కూనూరు ఘాటు మీద పరీక్ష పెట్టుకున్నాము. నాయన ముందు సీటులో కూర్చున్నారు. ఆరు మలుపులదాకా ఒక్క మాట లేదు. తరువాత, "గొంతు మారిందిరా" అన్నారు. మా గుండె జారింది. "మారితే ఏమిలే. యీ మలుపులో మీ తాత ఎన్నడూ రెండో గేరు దాటలేదు" అని అద్దం దించుకున్నారు. ఊటీ చేరేసరికి, 2240 మీటర్ల ఎత్తు గదా, గాలి పలచనై మిశ్రమం చిక్కబడింది, పొగ కొంచెం నల్లగా వచ్చింది. ఏడాదికొకమారు పోయే ఊరికోసం జెట్లు మార్చనక్కరలేదని అట్లాగే వదిలేశాము.

పాత సోలెక్సును నాయన కిరోసినుతో కడిగించి, బట్టలో చుట్టి బీరువాలో పెట్టుకున్నారు. మొన్న ఆదివారం తమ్ముడు పొళ్ళాచ్చి పోతానని తాళం అడిగాడు. రెండవ గొంతుక తెరుచుకునేదాకా తొక్కాడని, సాయంత్రం పెట్రోలు ముల్లు చూడగానే మాకు తెలిసిపోయింది.