వెళ్ళొస్తాను

పెళ్ళి రిసెప్షన్లలో నేను ఎక్కువసార్లు పాడిన ఇంగ్లీషు పాట 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. మా మామయ్యకి ఒక మెల్లిసై బృందం ఉంది. అమ్మకి తమ్ముడాయన. అమ్మవైపు వాళ్ళు తమిళులు, నాన్నవైపు తెలుగువాళ్ళం. అందుకని రెండు రకాల పెళ్ళిళ్ళకీ నేను పనికొచ్చేదాన్ని. తొమ్మిదో తరగతి నుంచి శనివారం సాయంత్రాలు అదే పని. తమిళ పాటలు అయ్యి, తెలుగు పాటలు అయ్యి, పెళ్ళికొడుకు ఆఫీసు స్నేహితులు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాక మామయ్య కీబోర్డు మీంచి నావైపు చూసి తల ఊపేవారు. విట్నీ హ్యూస్టన్ పాట ఎత్తుకోమని దానర్థం.

ఆ పాటలో మూడో చరణం మేం ఎప్పుడూ పాడలేదు. అప్పటికి కింద భోజనాల హాల్లో ఆకులు వేసేస్తారు, జనం లేచిపోతుంటారు. అందుకని రెండో పల్లవి అవగానే నేరుగా ఆ డ్రమ్ము దెబ్బకి, శ్రుతి పైకి లేచే చోటికి దూకేవాళ్ళం. చప్పట్లు పడేది అక్కడే.

పోయిన ఏడాది మన క్లాసు అమ్మాయి ఒకతె చుట్టాల పెళ్ళిలో నా పాట విని, సోమవారం క్యాంటీన్లో అడిగింది. "ఏమే, అది విడిపోయేవాళ్ళ పాట కదే! పెళ్ళిలో పాడతావేంటి?" పైకి నవ్వేశాను గానీ, ఇన్నేళ్ళుగా పాడుతున్న పాటకి అర్థం పట్టించుకోలేదని సిగ్గేసింది. ఆ రాత్రి కూర్చుని ఆ పాట ఎక్కడ పుట్టిందో వెతకడం మొదలుపెట్టాను.

అది అసలు విట్నీ పాట కాదు. రాసింది డాలీ పార్టన్. టెన్నెసీ కొండల్లో పన్నెండుమంది పిల్లలున్న పేద ఇంట్లో పుట్టిన మనిషి. 1967లో పోర్టర్ వ్యాగనర్ అనే పేరున్న కంట్రీ గాయకుడి టీవీ కార్యక్రమంలో చేరింది. ఆయన పక్కన నిలబడి పాడటం వల్లే ఆమె గొంతు దేశమంతా తెలిసింది. కొన్నేళ్ళకి సొంతంగా పాడుకోవాలనిపించింది. ఆయన ఒప్పుకోలేదు. వాదించి వాదించి విసిగిపోయి, 1973లో ఒక రోజు ఇంటికెళ్ళి ఈ పాట రాసి, తీసుకొచ్చి ఆయన ముందే పాడింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెళ్ళు గానీ ఆ రికార్డు నేనే చేయించాలి అన్నాడని ఆమె చాలాసార్లు చెప్పుకుంది.

అంటే ఇది ప్రేమికుల పాట కూడా కాదు. పాట నేర్పి నిలబెట్టిన మనిషికి, అక్కడ నిలబడ్డ మనిషి చెప్పిన వీడ్కోలు. ఇది తెలిశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

1973 జూన్ 13న నాష్‌విల్‌లోని ఆర్‌సీఏ స్టూడియో బీలో డాలీ దాన్ని రికార్డు చేసింది. మూడు నిమిషాలు కూడా ఉండదు. విట్నీ పాటకి అలవాటుపడ్డ చెవికి మొదట చప్పగా అనిపిస్తుంది. ఎక్కడా గొంతు పెంచదు. మూడో చరణాన్నయితే పాడను కూడా పాడదు, ఊరికే మాట్లాడినట్టు చెప్తుంది. 1974లో అది కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది.

అప్పుడు ఎల్విస్ ప్రెస్లీ ఆ పాట పాడతానన్నాడు. అప్పట్లో ఎల్విస్ పాడటమంటే మాటలా! కానీ ఆయన మేనేజరు కల్నల్ టామ్ పార్కర్, పాట హక్కుల్లో సగం రాసిస్తేనే అన్నాడు. డాలీ ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చిందట, కానీ సంతకం మాత్రం పెట్టలేదు. ఇష్టమున్న చోట కూడా కాదనొచ్చని నాకు అప్పుడే తెలిసింది. మన ఇళ్ళల్లో ఆ రెండూ కలిసి రావు. కాదన్నామంటే ప్రేమ లేదనే లెక్క.

1975లో లిండా రాన్‌స్టాట్ ఈ పాట పాడింది, మూడో చరణం లేకుండా. 1982లో ఒక సినిమా కోసం డాలీయే మళ్ళీ రికార్డు చేస్తే మళ్ళీ కంట్రీ పట్టికలో మొదటి స్థానమే. 1992లో 'ది బాడీగార్డ్' సినిమాకి వేరే పాత పాట అనుకున్నారు. అది అప్పటికే ఇంకో సినిమాలో వచ్చేసింది. దాంతో హీరో కెవిన్ కాస్ట్‌నర్ ఈ పాట సూచించాడు. మొదట్లో వాయిద్యాలేవీ వద్దు, ఒట్టి గొంతే ఉండాలని పట్టుబట్టింది కూడా ఆయనే. నిర్మాత డేవిడ్ ఫోస్టర్ రాన్‌స్టాట్ రికార్డు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. డాలీకి ఫోన్ చేసినప్పుడు ఆమె ఆఖరి చరణం సంగతి గుర్తుచేసింది. అది లేకపోతే పాట పాట కాదని. అలా అది విట్నీ గొంతులోకి వచ్చింది. అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 2012లో న్యూఆర్క్ చర్చిలో విట్నీ శవపేటికను మోసుకెళ్తుంటే వేసింది కూడా ఈ రికార్డే.

ఇంతకీ ఆ మూడో చరణంలో ఏముందంటే, వెళ్ళిపోయే మనిషి ఉండిపోయే మనిషికిచ్చే దీవెన. అదే మేం భోజనాల కోసం కత్తిరించేసింది.

ఇప్పుడు నా సంగతి. మామయ్య బృందం నుంచి బయటికి రావాలని నేను ఏడాదిగా అనుకుంటున్నాను. చదువు ఒక కారణం. శనివారం కచేరీ అయ్యి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. కానీ అదొక్కటే కాదు. ఆయన ఎంచిన పాటలు, ఆయన చెప్పిన స్కేల్లో, ఎవరో ఒకరి గొంతులా పాడి పాడి, నా గొంతు ఏదో నాకే తెలియడం లేదు. చెప్పడానికి నోరు రాలేదు. నా మొదటి ఏడాది ఫీజు కట్టింది ఆయన. రెండు శనివారాలు గొంతునొప్పి అని అబద్ధమాడాను. అమ్మ పాపం మిరియాల పాలు కాచి ఇచ్చింది. ఆ పాలు మింగలేకపోయాను.

మూడో వారం రిహార్సల్‌కి ముందే వెళ్ళి చెప్పేశాను. మామయ్య కీబోర్డు తుడుస్తూనే ఉన్నారు. చాలాసేపటికి "సరి. తై నెల ముహూర్తాలకి ఎవరిని పిలవను?" అని మాత్రం అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "ఈ శనివారం పాడతాను మామా, కానీ ఆ ఇంగ్లీషు పాట పూర్తిగా పాడతాను" అన్నాను.

పాడాను. మూడో చరణం వచ్చేసరికి హాలు దాదాపు ఖాళీ. వెనక వరుసలో ఇద్దరు ముసలమ్మలు, కుర్చీలు సర్దే అబ్బాయి. మామయ్య నావైపు చూడలేదు, కానీ వాయిద్యం బాగా తగ్గించి నా మాట వినపడనిచ్చారు. డాలీలాగా చెప్పాలా, విట్నీలాగా పాడాలా అని ఆలోచించుకోలేదు. వచ్చినట్టు వచ్చింది. శ్రుతి కొంచెం జారింది కూడా.

మా ఇంట్లో గుమ్మం దాటేటప్పుడు "పోతున్నా" అంటే నాన్నమ్మ ఊరుకోదు. "వెళ్ళొస్తాను" అనాలి. అమ్మవాళ్ళింట్లో అదే "పోయిట్టు వరేన్". ఆ రాత్రి వ్యాను దిగుతూ మామయ్యతో ఆ మాటే అన్నాను. ఆయన తలూపారు.

తర్వాత ఇంతవరకూ ఫోన్ చేయలేదు. డాలీ కథ కూడా ఆ పాటతో సుఖంగా ముగిసిపోలేదు. 1979లో పోర్టర్ ఆమె మీద 30 లక్షల డాలర్లకి దావా వేశాడు. కోర్టు బయట రాజీ అయింది. 2007లో, గ్రాండ్ ఓల్ ఆప్రీలో ఆయన 50 ఏళ్ళ వేడుకలో, డాలీ ఆయన ఎదుట ఇదే పాట పాడింది. ఆ అక్టోబరులోనే ఆయన పోయాడు.

మాకు అన్నేళ్ళు పట్టకూడదనే నా కోరిక. పొంగల్‌కి ఎలాగూ మామయ్యవాళ్ళింటికి వెళ్తాం. వస్తానని చెప్పే వచ్చాను కదా.