లస్కరు వచ్చే వేళ

మా ఊళ్ళో తెల్లవారడమంటే గ్యారేజీ తలుపులు లేవడం. ఐదున్నర దాటగానే వీధి పొడుగునా ఒక్కొక్క తలుపూ పైకి లేస్తుంది, కారు బయటికొస్తుంది, తలుపు మళ్ళీ మూసుకుంటుంది. ఆరున్నరకల్లా అందరూ లూప్ 202 రోడ్డెక్కి ఉంటారు. కొందరు పక్కనే చాండ్లర్‌లో ఉన్న ఇంటెల్ ఫ్యాక్టరీకి, కొందరు ఫీనిక్స్‌కి. ఇక సాయంత్రందాకా వీధిలో పిట్ట మనిషి కనపడడు. అరిజోనా ఎడారిలోని ఈ గిల్బర్ట్‌లో నేను కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. మంచి బళ్ళు, విశాలమైన ఇళ్ళు, ఇంటి వెనక ఈతకొలనులు. తెలుగువాళ్ళం కూడా బాగానే ఉన్నాం.

2023 జులైలో, మనవరాలికి సెలవులని నాన్న వచ్చారు. సాగర్ కుడికాలువ మీద తూములు తిప్పి నీళ్ళు వదిలే లస్కరుగా ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి. ఆ వేసవి ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలకు తగ్గలేదు. వచ్చిన మర్నాడు మొహం కడుక్కోబోయి నాన్న చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు. తిప్పింది చన్నీళ్ళ కొళాయే. వేసవిలో ఇక్కడ భూమిలోని గొట్టాలే కాగిపోతాయి.

చెయ్యి తుడుచుకుంటూ అడిగారు: "ఇంతమందికి నీళ్ళెక్కణ్ణించి వస్తున్నాయిరా?"

నెలనెలా నీళ్ళ బిల్లు ఎంతొస్తుందో తెలుసు. నీళ్ళెక్కడివో తెలియదు. కాలువగట్టు మీద క్వార్టర్లో పుట్టి పెరిగి, ఆ మాట ఆయనతో అనడానికి సిగ్గేసింది.

ఆయన కోసమే తెలుసుకున్నాను. ఇక్కడ ఏడాది మొత్తం కురిసేది సుమారు 20 సెంటీమీటర్ల వాన. అయినా ఒకప్పుడు గిల్బర్ట్‌కి ప్రపంచపు ఎండుగడ్డి రాజధాని అని పేరు. లూసర్న్ గడ్డి కోసి, మోపులు కట్టి రైలెక్కించేవాళ్ళు. 1911లో సాల్ట్ నది మీద పూర్తయిన రూజ్‌వెల్ట్ డ్యామ్ నీళ్ళతో సాగిన సేద్యం అది. అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందే హొహోకమ్ అనే జాతివాళ్ళు ఈ లోయలో చేత్తో కాలువలు తవ్వుకుని పంటలు పండించారు. 1980లో ఊరి జనాభా ఆరువేలు లేదు. 2020 నాటికి 2 లక్షల 67 వేలు దాటింది. చేలు పోయి ఇళ్ళొచ్చాయి. సాల్ట్ నది నీళ్ళు చాలక కొలరాడో నది నీళ్ళు కావలసి వచ్చాయి. అవి వచ్చే కాలువ పొడవు 540 కిలోమీటర్లు, కొండల మీదికి పంపులతో ఎక్కిస్తూ తెస్తారు.

"ఎత్తిపోతలా!" అన్నారు నాన్న. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు. ఇక్కడ కొత్తగా ఇళ్ళు వేయాలంటే నూరేళ్ళకు సరిపడా నీళ్ళున్నట్టు చూపించాలనే చట్టం ఉందని, భూగర్భజలాలే ఆధారంగా వేసే కొత్త కాలనీలకు ఫీనిక్స్ చుట్టుపక్కల ఇక అనుమతి లేదని కిందటి నెలలోనే ప్రభుత్వం చెప్పిందని కూడా చెప్పాను. "చివరాయకట్టు వాళ్ళకి ఎప్పుడూ ఇంతే" అన్నారు. చివరి తూము దగ్గర నీళ్ళందని రైతుల కేకలు వింటూ బతికిన మనిషి. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న దిగులు ఈ ఊరిని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను వదలదు.

మురుగునీటిని శుద్ధి చేసి మడుగుల్లోకి వదిలి నేలలోకి ఇంకించే చోటు ఒకటుంది, 110 ఎకరాలు. తెల్లవారుజామున తీసుకెళ్ళాను. కొంగలు, బాతులు, తుంగ. ఈ ఊళ్ళో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. కానీ నాన్న మనసు కాలువ మీదే ఉంది.

గిల్బర్ట్ పాత ఊళ్ళో ఉండే మా ఆఫీసు మిత్రుడి ఇంటికి ఇప్పటికీ కాలువనీళ్ళు పారతాయి. పెరటి చుట్టూ జానెడు గట్టు, మూల సిమెంటు గొట్టం, దాని నోటికి ఇనుపమూత, పైన తిప్పే పిడి. రెండువారాలకోసారి వంతు. వంతు ఏ వేళ వస్తే ఆ వేళ లేవాలి. ఆసారి రాత్రి రెండుంబావుకి వచ్చింది. పడుకోమన్నా వినకుండా నాన్న ఒంటిగంట నుంచే కాలువ పక్కన నిలబడ్డారు.

పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. తలకి దీపం పెట్టుకున్న మనిషి దిగి, షట్టరు చక్రం తిప్పి, నీటిమట్టం చూసి, ఇంకో అరచుట్టు తిప్పాడు. ఇక్కడ అతన్ని సాంహెరో అంటారు, స్పానిష్ మాట.

"అరచుట్టు ఎందుకు తిప్పాడో చూశావా?" అన్నారు నాన్న నా చెయ్యి పట్టుకుని. "కింద ఇంకో ఇల్లుంది. దానికీ అందాలి."

అతను చెయ్యూపి వెళ్ళిపోయాడు. నాన్న కూడా చెయ్యూపారు. పెరట్లో మూత విప్పగానే నీళ్ళు ఒక్కసారి ఉబికి, ఎండుటాకుల్ని తోసుకుంటూ నారింజ చెట్ల మొదళ్ళ చుట్టూ తిరిగాయి. కీచురాళ్ళు గట్టెక్కాయి. నాన్న చెప్పులు విడిచి అందులోకి దిగారు. వంగి దోసిట్లోకి తీసుకున్నారు.

"ఇవి చల్లగా ఉన్నాయిరా" అన్నారు.